నలభై రెండోది

హార్నోసాండ్‌లో నవంబరు.
మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూట్లో పడింది.
అపార్ట్‌మెంటు అడుగున, బట్టలుతికే గది పక్కన
ఆస్టా లిండ్‌మార్క్ తన కొట్టు తాళం తీసింది.

ముప్పై నాలుగేళ్ళు కట్టుడు పళ్ళు చేసిన చేతులు.
ఆ సన్నటి కొక్కేలూ చిట్టి అద్దాలూ ఆకురాళ్ళూ
ఇప్పుడు స్టవ్వుల నోళ్ళు వెతుకుతున్నాయి.

అరల మీద నలభై ఒకటి.
ధ్రువం దాకా పోయొచ్చిందని ఒకదాన్ని అమ్మినవాడు చెప్పాడు,
ఆమె నమ్మలేదు, అడిగిన ధర మాత్రం ఇచ్చింది.
సీల్ వేటగాడి పడవలో ఉప్పు తిన్నదొకటి,
ఇంకా వాడి గాలే పీలుస్తున్నట్టు ఉంటుంది.
రేకు డబ్బాలో తాబేలులా కాళ్ళు ముడుచుకున్నదొకటి.
దేనికీ ఇప్పుడు మసి గుర్తు లేదు.

నలభై రెండోది మొన్న వేలంలో వచ్చింది,
రబ్బరు బూట్ల జతతో కలిపి ఒకే లాటు.
ట్యాంకు డొక్కలో సొట్ట.
అడుగున మేకుతో గీసిన గీతలు, అయిదేసి కట్టలు:
ఇరవై మూడు రాత్రులో
ఇరవై మూడు చేపలో.

నిమ్మ ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానింది.
(మనమైతే చింతపండు పట్టించి తోమేవాళ్ళం.)
తెల్లారేసరికి చిలుము వదిలి
లోపలి పసుపు బయటికి చూసింది,
జ్వరం దిగిన పిల్ల కళ్ళు తెరిచినట్టు.
జెట్టులో సూది ఆడించింది.
వాల్వు కింద బెండు ముక్క మార్చింది.
సీసం వాషరు బిగించింది.
పంపు కొట్టింది.

గాలి నిలవలేదు.
మళ్ళీ కొట్టింది.
ఉత్త దగ్గు.

తలుపు దగ్గర తడిబట్టల బుట్టతో దహాబో,
మూడో అంతస్తు, హర్గేసా మనిషి.
పక్కన మనవడు లిబాన్,
రెండు భాషలు మోసే పన్నెండేళ్ళ కూలీ.

ముసలామె బుట్ట దించింది.
అడగలేదు. పంపు కడ్డీ బయటికి లాగి
ఎండిపోయిన తోలు చూసి నాలుక చప్పరించింది.
ఆస్టా సగం తిన్న రొట్టె మీంచి
వేలితో వెన్న గీకి
తోలుకి పట్టించి, పట్టించి,
అంచులు వెడల్పు చేసింది
తడి గొడుగు విప్పినంత నెమ్మదిగా.

కిటికీ తెరిచారు. గిన్నెలో స్పిరిట్ నీలంగా మండింది.
ఆస్టా మంటనే చూస్తోంది.
దహాబో మొహం గోడకి తిప్పుకుని వింటోంది.
ఏదో ఒక్క మాట అంది.
లిబాన్ అనువదించేలోపే ఆస్టా మర తిప్పింది.

గర్జన.

"అమ్మమ్మ దీని మీద పదకొండుమందికి వండేదంట.
ఇది సామాన్యమైన వంటింటి పొయ్యి అంటోంది.
ఇన్ని ఉన్నాయి కదా, నువ్వేం వండుతావని అడుగుతోంది."

ఆస్టా అరల వైపు చూసింది.
నలభై ఒక్క మెరుపుల్లో నలభై ఒక్క ఆస్టాలు,
బుగ్గలు ఉబ్బి, కురచగా.
"ఏమీ లేదు," అంది.

లిబాన్ ఓ క్షణం బూట్ల వైపు చూసుకుని
అమ్మమ్మకి అదే మాట చేరవేశాడు,
ముందు ఒక "ఇంకా" తగిలించి.

ముసలామె పైకెళ్ళి గిన్నె తెచ్చింది,
పాలు, టీ ఆకు, ఏలకులు, దాల్చిన చెక్క,
స్వీడన్‌లో అందరూ తక్కువ వేసేంత పంచదార.
పాలు పొంగి ఇత్తడి మీదికి దూకాయి.
గుడ్డ కోసం ఆస్టా చెయ్యి లేచింది.
లేచిన చేతికి గ్లాసు అందింది.

రాత్రి లెక్కల పుస్తకంలో రాసుకుంది:
నం. 42. తోలు: వెన్న. జెట్టు: బాగుంది. సొట్ట: ఉంచాలి.
మరక:
ఆ గడి ముందు కలం చాలాసేపు నిలబడింది.

పొద్దున్నే బట్టల గది తలుపుకి ఎవరిదో చీటీ:
"కిరసనాయిలు వాసన! ఎవరు బాధ్యులు?"
కింద పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో:
"టీ వాసన కూడా."