పడవలు కట్టే కొక్కెం

మొరేలియాలో పొద్దున్నే
గులాబీరాయి కమానుల కింద నీడ చవగ్గా దొరుకుతుంది.
ఒకప్పుడు వాటి నెత్తిమీద నీళ్ళు నడిచేవట.
ఇప్పుడు వాటి కాళ్ళ దగ్గర
బూట్లకి మెరుగు పెట్టే ఫౌస్తీనో
నా రబ్బరు చెప్పులకేసి చూసి జాలిపడ్డాడు:
"వీటికి నేనేం చెయ్యను? కూర్చో, ఊరికే కూర్చో."
కూర్చున్నాను.
ఆ ఊళ్ళో నేను చేసిన పెద్ద పని అదే.

బస్సుకీ తొందర లేదు.
మలుపు మలుపునా ఎవరి కోసమో ఆగుతుంది.
ఒక కోడిపుంజు ఎక్కింది, దాని వెనక ఒక ముసలాయన.
ఒక బంతిపూల బకెట్టు ఎక్కింది, దాని వెనక ఎవరూ లేరు.
మూడో ఊళ్ళో ఎవరో వచ్చి దించుకున్నారు.
దాన్ని టికెట్టు అడగలేదు.

పాత్స్‌క్వారోలో గోడలన్నీ ఒకే మాట మీదుంటాయి:
నడుము దాకా ఎరుపు, పైనంతా సున్నం.
మందుల కొట్టుకీ శవపేటికల కొట్టుకీ
అవే నల్లక్షరాలు, మొదటిది మాత్రం ఎర్రగా.
కొండ మీది చర్చిలో మేరీ తల్లిని
మొక్కజొన్న బెండుతో చేశారు.
"బరువెంతుంటుంది?" అన్నాను.
ఊడుస్తున్నావిడ చీపురు ఆపకుండానే చెప్పింది:
"మా మనవరాలంత.
కొండలెక్కి దిగేవాళ్ళం,
మొయ్యలేని తల్లిని ఎందుకు చేసుకుంటాం?"

శాంతా క్లారాలో కంచరుల వీధికి
చెవులే దారి చెప్తాయి.
నలుగురు చుట్టూ నిలబడి
ఎర్రగా కాలిన ఒకే రాగిముద్దని కొడుతున్నారు.
సమ్మెటకి సమ్మెట తగలదు.
"ఎలా?" అంటే,
చెమట తుడుచుకుంటూ ఒక కుర్రాడు,
"మేం మాట్లాడుకోం, అందుకని" అన్నాడు.
అని, ఒక దెబ్బ తప్పాడు.
మిగతా ముగ్గురూ నాకేసి చూశారు.

త్సిన్‌త్సున్‌త్సాన్.
తేనెపిట్ట రెక్కల చప్పుడే ఊరికి పేరైందంటారు.
నాలుగుసార్లు పలికాను, నాలుగుసార్లూ
పక్కనున్న పిల్ల నవ్వి దిద్దింది.
మఠం గోడలో ఒక రాయి మీద సుడి చెక్కి ఉంది.
అంతకుముందు అది వేరే దేవుడి మెట్టు.
తాపీవాడు తెలియక తలకిందులుగా పెట్టాడో
తెలిసే పెట్టాడో.
దాన్ని రాజీ అని నేననను, పగ అనీ అనను.
రాయికీ రాయికీ మధ్య సున్నం ఉంది.
సున్నంలో ఎవరిదో బొటనవేలి ముద్ర ఉంది.

చివరికి సరస్సు.
కాదు, సరస్సు ఉండిన చోటు.
క్రెసెన్సియా ఇంటి పెరటిగోడకి
పడవలు కట్టే ఇనప కొక్కెం.
ఇప్పుడు దానికి గాడిదని కడతారు.
ఆ గోడకీ నీళ్ళకీ మధ్య
రెండు మొక్కజొన్న చేలు, ఒక ఫుట్‌బాల్ మైదానం,
గోల్ కీపర్ లేని ఒక గోల్.
"ఏం, అలిగి పోలేదు" అంటుంది ఆమె,
గోరంత వెండి చేపల్ని కాగిన నూనెలో జారవిడుస్తూ.
"మేం తాగాం, మా చేలు తాగాయి,
కొండ మీది తోటలు మాకన్నా ఎక్కువ తాగాయి.
అడిగితే ఎండ తాగిందంటారు."
నిమ్మకాయ పిండి పళ్ళెం నా ముందుకి తోసింది.
తలతో సహా తినాలట. తిన్నాను.

ఆమె పెనిమిటి ఎలెయుతేరియో
ఆదివారాలు పడవలో నిలబడి
సీతాకోక రెక్కల్లాంటి వల పైకెత్తుతాడు,
ఫొటోలు తీసుకునేవాళ్ళ కోసం.
నీళ్ళలో ముంచడు. ముంచమని ఎవరూ అడగరు.
సోమవారం మధ్యాహ్నం చూస్తే
వాకిట్లో వల పరిచి చిరుగులు కుడుతున్నాడు.
చేపలు పట్టని వలకి కుట్టెందుకన్నాను.
దారం పంటితో తెంపి,
"చిరుగుల వలతో నిలబడితే
సరస్సు ఏమనుకుంటుంది?"

ఆ రాత్రి వాళ్ళ వసారాలో పడుకున్నాను.
గాలి లేచింది. కొక్కెం కిర్రుమంది.
ముసలాయన చటుక్కున లేచి
చెప్పులు లేకుండా పెరట్లోకి పరుగెత్తాడు,
పడవ తాడు ఊడిందనుకుని.

కాసేపటికి తిరిగొచ్చి
గాడిదే, అన్నాడు చీకట్లో,
ఎవరితోనో.