వేలెడు పొడుగు

కార్డు సెకండ్ హ్యాండుదే.
గిరింపేటలో చెంగల్రాయుడు తన అంగట్లో
పాత పేపరు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి,
పసిబిడ్డను ఇచ్చినట్టు రెండు చేతులా ఇచ్చినాడు.
"మైనింగులో కాలిపోయిన సరుకు కాదు కదన్నా?"
"నా బిడ్డమీద ఒట్టు" అన్నాడు.
ఆయనకింకా పెళ్లే కాలేదని
ఆటో ఎక్కినాక గుర్తొచ్చింది.

గుజ్జు ఫ్యాక్టరీ గేటుకాడ నేను తూకం రాస్తా.
సీజన్లో తోతాపురి లారీలు
రాత్రంతా సొన వాసనతో నా కిటికీ ముందర నిలబడి ఉంటాయి.
ఆ ఓవర్ టైములోంచి ఏడువేల రెండొందలు
లెక్కలోకి రానీకుండా పక్కన పెట్టినా.
తూకం రాసేవాడు చెయ్యకూడని పని అది.

ఇంట్లో కంప్యూటరుకు ఎనిమిదేళ్లు.
కొన్ననాడే చవకది. పాత కార్డు అరచేతిలో పట్టేంత.
ఆట నడవాలని
మొదట నీడల్ని తీసేసినా.
తర్వాత గడ్డిని. తర్వాత వానను.
ఒక రోజు కొండల్ని కూడా తీసేసినా.
అట్లా తీసేస్తా తీసేస్తా
ఇరవైరెండు ఫ్రేములతో ఈడ్చుకొచ్చినాము, అదీ నేనూ.

ఆదివారం మూత విప్పితే
ఫ్యాన్ల మీద దుమ్ము కాదు, దారప్పోగులు.
హేమావతి కుట్టే బ్లౌజులవి.
ఎర్రవి, పచ్చవి, ఒక జరీ పోగు,
ప్రాసెసరు మీద గూడు కట్టి ఉండాయి.
ఒకే గదిలో ఆమె మిషనూ నా మిషనూ
వీపులు ఆనించుకుని ఎనిమిదేళ్లు.

కొత్త కార్డు పట్టలేదు.
వేలెడు పొడుగు.
హార్డు డిస్కు పెట్టే రేకు గూడు అడ్డం.
నేను కూలబడినా.
హేమావతి ఫోను లైటు వేసి లోపలికి చూసి
"చంకలో బిగువైతే బ్లౌజు పారేస్తామా,
కుట్టిప్పి వదులు చేస్తాము గాని" అనింది.
పక్కింటి ప్లంబరు దగ్గర ఆక్సా బ్లేడు తెచ్చి
నేను కోస్తా ఉంటే ఆమె రేకు పట్టుకొనింది.
కీచుమనే ఆ చప్పుడులో, ముఖం ఎత్తకుండా,
"నా మోటారుకు గూడా ఎనిమిదేళ్లే" అనింది.
బ్లేడు ఆగింది.
మళ్లా కోసినా.

తర్వాత కరెంటు తీగ. ఆరు కాళ్లది కావాల, మా డబ్బాలో లేదు.
రెండు తీగల్ని ఒకటి చేసే ముక్క, నూటిరవై రూపాయలు.
పవర్ సప్లై మీద నాలుగొందల యాభై వాట్లని రాసుండాది,
లోపల ఎంతుండాదో కట్టినోడికే ఎరుక.
ఫోన్లో చెంగల్రాయుడు:
"కాలిన వాసనొస్తే పీకెయ్. రాకుంటే దేవుడి దయ."

స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగినాయి. తెర నల్లగా.
అరగంట నల్లగా.
కార్డు ఒక మూల సగమే దిగిందని
హేమావతే కనిపెట్టింది.
హుక్కులు నొక్కీ నొక్కీ కాయ కాసిన బొటనవేలితో
ఒక్క నొక్కు.
టక్ మనింది.

వాన.

ఆరేళ్లుగా నేను దాక్కునే గోడకు ఇటుకలుండాయి.
ఇటుకల సందున నాచు.
ఇన్నాళ్లు యాడుండిందో ఒక నీడ
వచ్చి నా మనిషి కాళ్లకు అతుక్కొనింది.

పది నిమిషాలు. తర్వాత ఆట తడబడింది.
పోయిన సీజన్లో ఫ్యాక్టరీలో ఇట్లనే:
కొత్త పల్పరు తెచ్చినారు, గంటకు పది టన్నులు మింగేది.
పండ్లు కడిగే తొట్టి మాత్రం పాతదే.
పల్పరు నోరు తెరిచి ఉత్తదే తిరిగేది.
మా ప్రాసెసరు ఇప్పుడు ఆ తొట్టి.

హేమావతి తెరకు ముక్కానించి చూస్తా ఉండాది.
వానను గాదు, కొండల్ని గాదు.
"వాడి కోటుకు భుజంకాడ కుట్టు కనపడతా ఉండాది చూడు.
డబుల్ కుట్టు. దారం రంగే కలవలా."
లేచి పొయ్యి మిషను ముందర కూచుంది.
మోటారు రెండుసార్లు గురకపెట్టి అందుకొనింది.

నేను ఆట ఆపలేదు, ఆడనూ లేదు.
వాడు వానలో అట్నే నిలబడి తడస్తా ఉండాడు.
ఇంతలో సన్నగా ఏదో కాలిన వాసన.
నాదా, ఆమెదా అని
ఇద్దరమూ ఒకేసారి తల తిప్పినాము.