నాకిచ్చిన అంకె

సిరొంచ దవాఖానల రెండు కిటికీలు.
ఒకదాని వెనుక నేను, ఒకదాని వెనుక వందన బోర్కుటే.
ఇద్దరి వేళ్ళ కింద ఒకటే పట్టిక.
పేరు రాస్తే చాలు, అంకె దానంతటదే పుడ్తది.

పుట్టిందేదో తెలుసుకోనీకి
పాత ప్రోగ్రాము పట్టిక అడుగుకు దిగి
అన్నిట్ల పెద్దది ఏదని అడిగేటిది.
పన్నెండేండ్లు సరిగనే చెప్పింది,
ఒకటే కిటికీ ఉన్నన్ని రోజులు.

ప్రాణహిత ఒడ్డెక్కిన వారం, అన్నీ జ్వరాలే.
నేను కుర్సం పోసక్క పేరు రాసి
ఊపిరి తీసుకునేలోపల
వందన మడావి లాలుబాయిని రాసింది.
పెద్దది ఏదంటే లాలుబాయి అంకె లేచొచ్చి
పోసక్క చీటీ మీద కూసుంది.
నలభై వేల ఎనిమిదివందల పద్దెనిమిది,
ఇద్దరి చేతులల్ల.

సీసా ఎక్కించబోతూ ఛాయాతాయి ఆగింది.
"పోసక్క కాన్పప్పుడు నేనే చూసిన.
ఈమెది ఈ రక్తం కాదు."
ఛాయాతాయి ఆ పూట సెలవు పెట్టి ఉంటే
అన్న మాటను నేను పూర్తి చెయ్యను.

ఆ రాత్రి కూసుని మార్చిన.
రాసే ఊపిరిలనే అడగాలె:
నా చేతిలనుంచి తీసుకున్నదానికి
నువ్వు పెట్టిన అంకె ఏది?
సైకిల్ స్టాండు ఓదెలు
బండి తీసుకునే చేత్తోనే బిళ్ళ ఇస్తడు.
సినిమా విడిచినంక పోయి
ఆఖరికి నిలబడ్డ సైకిలే నాదని
ఎవరన్న అంటరా?

జిల్లా నుంచి సారు ఫోను:
"పాత గడి పీకెయ్."
అంకీస ఉపకేంద్రంల ముసలి కంప్యూటరుకు
తెలిసింది ఆ గడి ఒక్కటే,
ముందు సున్నాలు, మొత్తం ఆరు అంకెలు.
పీకితే అక్కడ టీకా చీటీలు తెల్లగ వస్తయి.
పేరు మార్చలే, సున్నాలు చెరపలే,
పాత ప్రశ్నకు పాత జవాబే ఉంచిన.
ఇంట్ల తెలుగు, కచేరిల మరాఠీ, అడివిల మాడియా,
ఒకటి నేర్చినమని ఇంకోటి
నోట్లకెంచి ఊడదీసుకున్నమా?

తనిఖీకి వచ్చినాయన వేలు పెట్టిండు:
"ఎనిమిదివందల ఇరవై మూడు ఏది?"
కరెంటు పోయింది సార్.
అంకె పుట్టింది, పేరు నిలవలే.
మళ్ళ రాస్తే ఇరవై నాలుగొచ్చింది.
"మరి ఈ ఖాళీ?"
ఖాళీగనే ఉంటది. ఒకరి కోసం పుట్టింది
ఇంకొకరికి అంటగట్టం.
ఎర్ర సిరాతోని ఏదో గీకి పోయిండు.

నిన్న పోసక్క వచ్చింది.
చెమటకు నానిన చీటీ,
ఎనిమిది కొట్టేసి ఏడు దిద్దిన నా రాత.
"గిది నాదేనా బిడ్డా?"
తెర చూసి చెప్పిన, నీదే అని.
చూడకుండ చెప్పుడు మానేసిన.
వెనుక వరుసల ఇంకా పదిహేడు మంది.