బియ్యపు గింజంత ఆట

మర్రిగూడ చౌరస్త కాడి మా షెడ్డుల
చోటేమియా ఉస్తాద్ వంగడు.
వంగలేడు.
పద్దెనిమిదేండ్ల సంది ఆయన స్టూలు మీద,
నేను బండి కింద.
ఆయన అడుగుతడు, నేను చెప్త.

ఇయ్యాల అండాలు టీచరమ్మ మారుతి.
దాని తెలుపు ఎప్పుడో గోధుమ రంగుకొచ్చింది.
వాకిట్ల బండలు ఖరాబైతున్నయని అట్టముక్క పరిచిందట,
ఆ అట్టముక్కనే చంకల పెట్టుకొచ్చింది,
దవాఖానకు సీసా తెచ్చినట్టు.
"మూడు మాట్ల సీలు మార్పించిన ఉస్తాద్,
నల్లగొండల రెండు, మాల్ కాడ ఒకటి.
మళ్ల కారవట్టె."

ఉస్తాద్ అట్టను ఎండకు పట్టిండు.
మెడ తిరగదు గనుక మనిషే తిరిగిండు.
"ముత్తిలింగం, వాసన చూడు."
గంధకం. అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల.
ఇంజనాయిలైతే నల్లగుంటది, మాడు వాసనొస్తది.
ఇది గేరాయిలే.
"ఏ దిక్కుకెల్లి?"
అన్ని దిక్కులా ఉన్నది ఉస్తాద్,
గాలికి కొట్టుకపోయి డబ్బా అంత తడిసింది.
"అయితే ఇప్పుడే పేరు పెట్టకు. తానం పొయ్యి."

డీజిల్, బ్రష్షు, పాత బనీను.
ఇరవై ఎనిమిదేండ్ల మన్ను పెచ్చులు పెచ్చులు లేసింది.
ఆరినంక మా ఇంటామె పౌడర్ డబ్బ గుద్ది గుద్ది చల్లిన,
చిందు భాగోతంల తొలివేషం లెక్క
తెల్లగ నిలవడ్డది గేరుబాక్సు.
చింతపల్లి దాక తోలి, మలుపుకొని వచ్చిన.

కుడి షాఫ్టు మూతి కాడ
పౌడరు మీద ఒక్కటే చార.
"సీలే కదా మళ్ల" అన్నది టీచరమ్మ.
ఉస్తాద్ ఇనలేదు. "ముందుగాల బ్రీదర్."
నెత్తి మీద చిటికెన వేలంత గొట్టం,
దాంట్ల కందిరీగ ఇల్లు కట్టుకున్నది.
పుల్ల పెట్టి పొడిస్తె ఉస్సుమన్నది.
"ఊపిరాడకుంటె ఎవడైనా ఏడ్నో ఒక తాన కక్కుతడు.
గదొక్కటే కాదు గని... షాఫ్టు పట్టు. ఊపు."

లోపలికి, బయటికి. కదిలింది.
"కదలాలె. అది దాని నడక."

పైకి, కిందికి.
టక్.
చెవికి కాదు, మణికట్టుకు ఇనొచ్చింది.
"ఎంత?"
బియ్యపు గింజంత.
"నిలువా, అడ్డమా?"
అడ్డం.
"దొడ్డా, సన్నమా?"
మళ్ల ఊపిన. కండ్లు మూసుకొని ఊపిన.
దొడ్డు. పాత రేషన్ బియ్యం.

జరసేపు సప్పుడు లేదు.
రోడ్డు మీద బత్తాయిల డీసీఎం పోయింది.
"సీలు ఏం పాపం చేసింది టీచరమ్మా?
లోపల బేరింగ్ అరిగింది.
షాఫ్టు ఊగుతుంటె సీలు పెదవి ఎన్నొద్దులు మూసుకుంటది?
దాన్ని మార్చుడంటె, తాగొచ్చేటోడు గుద్దుతున్నడని
ఇంటికి దర్వాజ మార్చినట్టు."
ఆమె ఎందుకో నవ్వలేదు. అట్టముక్కను తిప్పి పట్టుకున్నది.
"బేరింగ్ పట్నంకెల్లి రావాలె. నాలుగొద్దులు."

పొద్దుగూకినంక ఉస్తాద్‌ను లేపాలె.
మోచేతి కింద ఒక చెయ్యి, నడుముకొకటి.
నా చేతికి అలవాటు పోదు,
తెలువకుంటనే చూస్తది:
పైకి, కిందికి. లోపలికి, బయటికి.
ఏడా ఏమీ కదలదు.
చిన్ననాడు తాగిన బోరునీళ్లు
తేటగ ఉండేవంట, తియ్యగ కూడ ఉండేవంట.
అవే నిదానంగ లోపల సిమెంటు పోసినయి.
సన్నబియ్యపు నూకంత ఆట కూడ లేదు.
"ఏం చూస్తున్నవ్‌ర?" అన్నడు.
ఏం లేదు ఉస్తాద్, గోడ పట్టుకో.

తెల్లారి బండి కిందికెల్లి లేస్తుంటె
నా మెడ టక్కుమన్నది.
స్టూలు మీదికెల్లే అడిగిండు,
మనిషి తిరగకుంటనే:
"దొడ్డా, సన్నమా?"