రోంత తగ్గించప్పా

పోయిన ఉగాదికి ఈ గొట్టం కోసింది నేనే.
లోపలి జల్లెడ పీకి పారేసి
ఎనిమిదొందలు తీసుకున్నా.
రైల్వేస్టేషన్ దాకా వినపడాలన్నాడు ఉరుకుందు.
వినపడింది.
ఆదోని కుక్కలు గూడా ఆ బుల్లెట్టును
దూరం నుంచే గుర్తుపట్టి
ముందే లేచి పక్కకు పోయేవి.

ఈ పొద్దు మిట్టమధ్యాన్నం
షట్టరు సగం దించుకుని జొన్నరొట్టె తింటుంటే
ఇంజనాపి, తోసుకుంటా వచ్చినాడు.
"రోంత తగ్గించప్పా సౌండు."
ఏమి, పోలీసోళ్ళు పట్టిరా?
లేదన్నాడు.
ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?
లేదన్నాడు.
ట్యాంకు మీద లేని దుమ్ము తుడిచినాడు.
ఇంగ అడగలే.

మొదట హెడ్డు కాడ చెయ్యి పెట్టి చూసినా.
గ్యాస్కెట్టు కాలిపోయి, సందులోంచి టప్పు టప్పున గాలి.
సగం అరుపు అక్కడిదే.
మనిషైనా అంతే, యాడో చీలితేనే గొంతు లేస్తుంది
అని మా నాయన అనేటోడు కాదు,
ఇప్పుడే నాకు తోచింది.

రివిట్లు కొట్టేసి, మూత ఊడదీసి తట్టితే
ఒక ఏడాది
నల్లగా రాలింది నేల మీద.

చిల్లుల గొట్టం చుట్టూ తొలుత ఇనుప పీచు,
దాని మీద గాజు దూది.
చుట్టేటప్పుడు చేతులు వాటికవే నిదానించినాయి.
మేం దూదేకులోళ్ళం.
మా నాయన దస్తగిరి విల్లు భుజానేసుకుని
వీధి వీధీ తిరిగేటోడు.
నారి మీటితే టుంయ్, టుంయ్,
పత్తి పొగ మాదిరి లేచేది,
కనుబొమ్మల్లో, మీసాల్లో, దగ్గులో.
పరుపు మూతి కుట్టేముందు
మోకాలు పెట్టి నొక్కి చెప్పేటోడు:
"గట్టిగా కూరితే నిద్ర రాదు,
వదులుగా ఇడిస్తే నడుమ గుంత పడుతుంది.
లోపల గాలికి చోటుండాల."

సైలెన్సరూ పరుపే.
పండుకోవాల్సింది మోత.

గాజు దూది పత్తి కాదు గానీ.
మోచేతుల దాకా దురద, రెండు దినాలు పోదు.
కొబ్బరినూనె రుద్దుకుని, తీగ చుట్టి, మూత బిగించి,
కార్బొరేటర్లో పెద్ద జెట్టు తీసి చిన్నదేసి
కిక్కు కొట్టినా.
పక్కింట్లో ఎవురో
తిరగలి తిప్పుతున్నట్టుంది, అంతే.

అప్పు తీరినోని మాదిరి నవ్వినాడు ఉరుకుందు.
నూట యాభై ఎక్కువ పెట్టి
"ఈ మాట ఎవురికీ..." అన్నాడు.
ఏ మాట? అన్నా.

రాత్రి తొమ్మిదిన్నర.
షాపు ముందర మంచమేసుకుని
గోక్కుంటా పండుకున్నా.
వెనక సందులో సుంకమ్మ కుట్టుమిషను
రోజూ మాదిరే టకటకటక.
మొగుడు పోయి నాలుగేండ్లు,
పన్నెండు కొట్టినా నిలవదు ఆ చక్రం.

నిన్నటిదాకా ఈ బుల్లెట్టు ఆ మలుపు కాడికొస్తే
పద్నాలుగు కిటికీలు తెరుచుకునేవి.
పాపం, ఆగేటోడు కాదు ఉరుకుందు.
గేరు మార్చి, ఇంగా పెద్దగా మోత పెట్టి
ఏమీ ఎరగనోని లెక్క పోయేటోడు.

ఈ రాత్రి బండి చప్పుడు నాకే వినపడలే,
చేసినోణ్ణి, నాకే.
కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

కుట్టుమిషను మాత్రం
కుట్టు నడుమ
ఆగింది.