నిలబడు

కంచరపాలెం మెట్టు దగ్గర
జెరాక్సు షాపు మీద గది.
ఆరున్నర నుంచి ఎనిమిది దాకా క్లాసు.
బల్లలు మూడో తరగతి పిల్లల కొలత,
నా మోకాళ్లు పట్టవు, పక్కకి తిరిగి కూర్చుంటాను.

ఎస్తేరు టీచరుది మా చిన్నదాని వయసు.
బోర్డు మీద లుక్ అని రాసింది.
పక్కన ఆఫ్టర్ రాసింది. చెరిపి ఫర్ రాసింది.
అదీ చెరిపి అప్ రాసింది.
చూపు ఒక్కటే, తోక మారితే పని మారిపోతుందట.
ఒక చూపు సాకుతుంది,
ఒకటి వెతుకుతుంది,
ఒకటి ఊరికే తలెత్తుతుంది.

చిన్నమ్మలు లేచింది, పెద్దాసుపత్రిలో ఆయా.
"ఐ పేషెంట్లు లుక్ ఆఫ్టర్" అంది.
టీచరు నవ్వలేదు.
"ఇంగ్లీషులో పని మధ్యలోకి రావాలమ్మా."
మనకి ఆఖర్న కదా వస్తుంది.
ఎవరు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు
అన్నీ అయ్యాక
వల ఒడ్డు చేరినట్టు.
అందాకా ఎదుటోడు ఊపిరి బిగబట్టి వినాల్సిందే.

ఇంకోటి.
వానొస్తోంది అంటే సరిపోతుంది మనకి.
వాళ్లకి ముందర ఓ ఇట్ ఉండాలి.
"ఎవడు టీచరూ ఆ ఇట్టు?"
"ఎవరూ కాదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని."
మా టగ్గు మీదా ఉన్నాడు అలాటోడు,
కేప్టెన్ గారి మేనల్లుడు.

ఇరవయ్యారేళ్లుగా పోర్టులో తాడు పట్టాను, లస్కరుని.
సెరాంగు అవ్వాలంటే నోటి పరీక్ష, ఇంగ్లీషులో.
ఏటేటా ఫారం తెస్తాను,
ఏటేటా బీరువా మీద పెట్టేస్తాను.
దానికీ ఒక మాటుందని ఇక్కడే తెలిసింది, పుట్ ఆఫ్.
హోంవర్కులో నా మొదటి వాక్యం అదే.

ఓ మంగళవారం లెట్ గో రాసి
"ఎవరికైనా తెలుసా?" అంది.
నాకన్నా ముందు నా అరచేతులకి తెలిసింది.
డాల్ఫిన్ నోస్ పక్క నుంచి ఓడ లోపలికి తిరిగాక
వైర్‌లెస్‌లో పైలట్ అరుపు, లెట్గో!
అదంతా ఒకే మాటనుకున్నాం మేం,
మా పేటలో "ఒగ్గీ" అన్నట్టు.
ఈవప్. స్టాంబై. స్లాకవే.
ఇన్నేళ్లూ నోటితో కాదు,
భుజాలతో పలికాను ఇంగ్లీషు.

లచ్చన్న గుర్తొచ్చాడు అప్పుడు.
తుపాను గాలి. వైర్‌లెస్ గరగర.
ముందు ముక్క గాలికి పోయి
అవే ఒక్కటే వినబడింది వాడికి.
స్లాకా? ఈవా?
వదలాలా, లాగాలా?
వాడు లాగాడు.
ఇప్పుడు కుడిచేత్తో టీగ్లాసు
మూడు వేళ్లతో పట్టుకుంటాడు.
తోక ఒక్కటే తెలిస్తే చాలదు, టీచరూ.
ఈ మాట క్లాసులో చెప్పలేదు నేను.

బస్సులో కిటికీ పక్కన
మన తోకలు లెక్కపెట్టాను.
కష్టపడు. భయపడు. సిగ్గుపడు. మాటపడు.
ఏటి ఇన్ని పడ్డాలు మనకి!
ఇష్టపడ్డానికీ పడాల్సిందేనా?
కాన్వెంట్ జంక్షన్ దాటాక
ఓ ముసలామె ఎక్కింది,
చేపల బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని
పైకడ్డీ అందక ఊగుతోంది.
సీటిచ్చి లేచాను.
లేచి, నిలబడ్డాను.
అప్పుడు తట్టింది.
అందులోనూ ఉంది.

మర్నాడు క్లాసు మొదలవకుండానే అడిగాను.
"నిలబడు అన్న మాటలో
పడు ఎందుకుంది టీచరూ?"
సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.
కింద జెరాక్సు మిషను
ఎవరిదో ఆధార్ కార్డు తీస్తోంది, వినబడుతోంది.
చిన్నమ్మలు నాకేసి, టీచరుకేసి చూస్తోంది.
"తెలీదు కొర్లయ్య గారూ" అంది చివరికి,
"ఫైండ్ అవుట్ చేసి చెప్తాను."

ఫైండ్ అవుట్.
రాసుకున్నాను.