రెండు కొసలూ కోసి

ఆరు కాయలు తెచ్చాను, రోడ్డు మలుపులో పెట్టిన బకెట్లోంచి.
పక్కనే రేకు డబ్బా. అందులో రెండు డాలర్లు వేసి వచ్చాను.
టె పుకె ప్యాకింగ్ షెడ్డు వద్దన్న కివీలు ఇవి:
ఒకటి నడుం దగ్గర నొక్కుకుపోయింది,
రెండు ఒకదానికొకటి అతుక్కుని పుట్టాయి,
తక్కినవాటి తప్పేమిటో నాకు తెలీలేదు.
నాలుగు రోజులు కాగితం సంచిలో
ఒక ఆపిల్‌తో కాపురం పెట్టించాను.
ఇవాళ తొడిమ పక్కన నొక్కితే
చెవితమ్మెలా ఒదిగింది.

నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నావు, తామాతీ,
కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని,
ఎవరి బిడ్డనో కాసేపు ఎత్తుకోమంటే ఎత్తుకున్నట్టు.

ముప్ఫయ్యొక్క కోతలు కోసిన చెయ్యి.
నీ ఎత్తుకి ఆ పందిళ్లు ఎప్పుడూ సరిపోలేదు,
ఏప్రిల్ నుంచి జూన్ దాకా తల వంచుకునే బతికావు.
మెడలో సంచి, చేతికి నూలు తొడుగు,
బొటనవేలు ఒక్కసారి చిటుక్కుమనేది,
కాయ నీ చేతికి, తొడిమ తీగకి.
"గుంజకండి, అడిగి తీసుకోండి" అనేవాడివి కొత్త కుర్రాళ్లతో.
పంజాబు నుంచీ వనువాతు నుంచీ వచ్చినవాళ్లు,
నీ మాట సగమే అర్థమయ్యేది వాళ్లకి,
మిగతా సగం నీ చెయ్యి చూసి నేర్చుకునేవాళ్లు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
ఆ చెయ్యి నీ మాట వినడం మానేసింది.

మా అమ్మ దీన్ని బంగాళాదుంపలా చెక్కేసేది,
సగం పండు తొక్కతోనే పోయేది.
మా తాత చచ్చేదాకా చైనా ఉసిరి అనే అన్నాడు,
కొత్త పేరు ఆయన నోటికి పట్టలేదు.
చెంచా పద్ధతి నాకు నువ్వే నేర్పావు, పెళ్లైన కొత్తలో:
రెండు కొసలూ కోయి.
తొడిమ కొసలో తెల్లగా, గట్టిగా మేకులాంటిదొకటి ఉంటుంది,
చాకు మొన దాని చుట్టూ తిప్పు, అదే ఊడొస్తుంది.
తొక్కకీ కండకీ మధ్య చెంచా దించు.
చెంచాని తిప్పకు హూహానా, పండుని తిప్పు.

"నేను తీసి పెడతాలే" అన్నాను.
మాట ఇంకా తిరిగి రాలేదు నీకు.
ఎడంచెయ్యి చాపావు.

కొసలు నేను కోశాను.
గుడ్డు నిలబెట్టే పింగాణీ కప్పులో కాయని నిలబెట్టి
కింద తడి తువ్వాలు వేశాను.
మొదటిది ఎగిరి బల్ల కిందికి పోయింది.
కుక్క వాసన చూసి వదిలేసింది.
రెండోది నీ పిడికిట్లోనే నలిగింది,
పచ్చటి రసం ముంజేతి మీదుగా మోచెయ్యి దాకా.
నేను అందుకోబోయాను.
నువ్వు చూసిన చూపుకి
సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్లీ కడిగాను.

ఈ పండు జెల్లీని గడ్డకట్టనివ్వదు.
మనవరాలి పుట్టినరోజుకి వేసి చూశాను,
పొద్దుటికి గిన్నెనిండా నీళ్లే.
ఇన్నేళ్లు తిన్నావు, బకెట్లకి బకెట్లు,
నీ తలలో ఆ ఒక్క చుక్క గడ్డకడుతుంటే
ఎక్కడికి పోయింది దీని ప్రతాపం?
కుళాయి కట్టేసి తిరిగాను.

బల్ల మీద తొక్క నిలబడి ఉంది,
నూగు చెదరకుండా, లోపల తడిగా,
కాలి నుంచి అప్పుడే తీసిన మేజోడులా.
పక్కన పళ్లెంలో పండు.
ఒక పక్క చెంచా గాటు, అంతే.

చక్రాలు కోయడం నా వంతు.
నడుమ పాలతెలుపు, చుట్టూ గసగసాలంత నల్లటి గింజలు.
నా కళ్లు సరిగా ఆనలేదు, ఏదో కోశాను.
నువ్వు ఒక ముక్క ఎడంచేత్తో ఎత్తి
వెలుగుకి పట్టి చూశావు.

"లావు," అన్నావు.

పదకొండు వారాల తర్వాత నీ నోటెంట స్పష్టంగా వచ్చిన మాట,
నా పనికి వంక.
నవ్వుతూ తిన్నాను, నాలుక చివర చురుక్కుమంటుంటే.

ఇంకా మూడున్నాయి.
అందులో రెండు ఆ అతుక్కుని పుట్టినవి.
వాటిని ఎలా వలవాలో
నువ్వు ఎప్పుడూ నేర్పలేదు నాకు.